చేతిలో ఎత్తి పట్టుకుంటే నడిచే రోబో నేల మీద లేవబోతే ఎందుకు రీసెట్ అవుతుంది?

మీ రోబోకు పన్నెండు ఎంజీ996ఆర్ సర్వోలు (కాళ్ల కీళ్లను తిప్పే మోటార్లు), నాలుగు కాళ్లు. చేతిలో ఎత్తి పట్టుకుంటే చక్కగా అడుగులు వేస్తోందనీ, నేల మీద పెట్టి లేపబోతే ఆర్డుయినో (రోబోను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) రీసెట్ అవుతోందనీ రాశారు. 7.4 వోల్టుల, 2200 ఎంఏహెచ్ లైపోకు బదులు ఇంకా పెద్ద బ్యాటరీ కొనాలా అని అడిగారు. దయచేసి కొనకండి. తిరుపతిలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో నేనూ ముగ్గురు మిత్రులూ ఇలాంటి రోబోనే కట్టి, సరిగ్గా ఇదే చోట ఆగిపోయాము. పది రోజుల పాటు ప్రోగ్రాములో తప్పు వెతికాము. తప్పు ప్రోగ్రాములోనూ లేదు, బ్యాటరీలోనూ లేదు. బ్యాటరీ నుంచి సర్వోల వరకు కరెంటు వెళ్లి తిరిగివచ్చే దారిలో ఉంది.

గాలిలో కాలు ఆడించడానికి సర్వోకు పెద్దగా కరెంటు అక్కరలేదు. బరువు మీద పడి కదలలేని స్థితిలో మాత్రం ఇదే సర్వో 6 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. పన్నెండూ ఒకేసారి ఆ స్థితికి రావు కాని, రోబో లేచే క్షణంలో మొత్తం 10 ఆంపియర్లు దాటడం మామూలే. మీ బ్యాటరీ మీద 25సీ (సామర్థ్యానికి 25 రెట్ల కరెంటు) అని ఉంటే లెక్క ప్రకారం అది 55 ఆంపియర్లు ఇవ్వాలి. అందులో సగమే నిజమనుకున్నా మీకు మిగులుతుంది. బ్యాటరీ వోల్టేజిని తగ్గించి సర్వోలకు ఇచ్చే కన్వర్టరుగా మీరు వాడుతున్న ఎల్ఎం2596 మాడ్యూలు పరిమితి మాత్రం 3 ఆంపియర్లే. మొదట మార్చవలసినది దానిని.

మేము ఆ మాడ్యూలు తీసి పెద్ద కన్వర్టరు పెట్టిన తర్వాత కూడా రీసెట్ ఆగలేదు. ఒక సాయంత్రం రోబోను నిలబెట్టి పట్టుకున్న మిత్రుడి వేలు ఎర్ర జంపర్ వైరుకు తగిలి చురుక్కుమంది. చూస్తే దాని పైతొడుగు మెత్తబడి, వంచిన చోట వంగినట్టే ఉండిపోయింది. అప్పుడు మల్టీమీటరు ఒక ముల్లును (ప్రోబును) కన్వర్టరు ప్లస్ మీద, రెండోదాన్ని సర్వోలకు సిగ్నల్ పంచే పీసీఏ9685 బోర్డు ప్లస్ మీద పెట్టాము. ఒకే వైరుకు రెండు చివరలు కాబట్టి సున్నా దగ్గర చూపాలి. రోబో బరువు మోస్తూ నిలబడి ఉండగా 0.6 వోల్టులు చూపింది. గ్రౌండ్ (మైనస్) వైరు మీద కూడా దాదాపు అంతే. అంటే వోల్టుకు పైగా వైర్లలోనే కరిగిపోతోంది. అలా వోల్టేజి పడిపోయినప్పుడే ఆర్డుయినో రీసెట్ అవుతోంది.

మామూలు జంపర్ వైరు 28 గేజి అనుకుంటే మీటరుకు 0.21 ఓములు ఉంటుంది. రానూపోనూ 40 సెంటీమీటర్లకు, 10 ఆంపియర్ల వద్ద, 0.85 వోల్టులు పోతాయి. పిన్నుల దగ్గర పోయేది దీనికి అదనం. ఇళ్ల వైరింగుకు వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో అదే దూరానికి 0.05 వోల్టు మాత్రమే పోతుంది. మెత్తగా వంగే సన్నపోగుల రకం అడిగితే ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా ఇస్తారు. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ దాకా వెళ్లనక్కరలేదు.

తర్వాత మేము మళ్లీ కట్టిన తీరు చెబుతాను. బ్యాటరీ ప్లస్ పక్కనే 15 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు పెట్టాము. కార్ల ఎలక్ట్రీషియన్ల దగ్గర దొరుకుతుంది. రెండేసి కాళ్లకు ఒక్కొక్కటి చొప్పున 6 వోల్టుల, 10 ఆంపియర్ల కన్వర్టర్లు రెండు తీసుకున్నాము. వాటి ప్లస్‌లను ఒకదానితో ఒకటి కలపలేదు, గ్రౌండ్లను మాత్రం కలిపాము. పీసీఏ9685 బోర్డు మీది సన్నని రాగి దారి గుండా ఇంత కరెంటును పంపడం నాకు నచ్చలేదు. అందుకే సర్వోల ఎరుపు, గోధుమ వైర్లను విడిగా ఒక పంపిణీ బోర్డుకు సోల్డర్ చేసి, నారింజ సిగ్నల్ వైర్లను మాత్రమే పీసీఏ9685కు ఇచ్చాము. ఆర్డుయినోకు బ్యాటరీ నుంచే వేరొక చిన్న 5 వోల్టుల కన్వర్టరు పెట్టాము. దాన్ని 5 వోల్టుల పిన్నుకు ఇస్తే, యూఎస్‌బీ తగిలించే ముందు తప్పక తీసేయండి.

గ్రౌండ్లన్నీ ఒకే చోట కలవాలి. ఇక్కడ అలసత్వం వద్దు: ఆ లావు గ్రౌండ్ వైరు వదులైతే, సర్వోల కరెంటంతా సన్నని సిగ్నల్ గ్రౌండ్ గుండా, అంటే మీ ఆర్డుయినో మీదుగా తిరిగివెళ్లడానికి చూస్తుంది.

విద్యుత్తును కాసేపు దాచి ఇచ్చే పెద్ద కెపాసిటర్ పెడితే చాలదా అని చాలామంది అంటారు. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 10 ఆంపియర్ల లోటును మోస్తే 0.1 మిల్లీసెకనులోనే ఒక వోల్టు దిగిపోతుంది. కాబట్టి పంపిణీ బోర్డు దగ్గర ఒకటి పెట్టండి, కాని లావు వైరుకు అది బదులు కాదు. ప్రోగ్రాములో నాలుగు కాళ్లూ ఒకేసారి కాక, కొద్దిపాటి తేడాతో లేచేలా రాస్తే ఉపయోగం ఎక్కువ.

బ్యాటరీకి ఒక అలారం బజరు తగిలించండి, అందులోని ఏ సెల్లయినా 3.3 వోల్టులకు దిగగానే ఆపేయాలి. మన తిరుపతి ఎండల్లో, ముఖ్యంగా మే నెలలో, లైపోను బండి డిక్కీలో వదిలి వెళ్లవద్దు.

ఏదైనా కొనే ముందు ఈ రోజే నేను చెప్పిన రెండు ముళ్ల పరీక్ష చేయండి. రోబో కిందపడకుండా ఒకరు పట్టుకుని, సగం బరువు కాళ్ల మీద ఉంచితే చాలు. ప్లస్ వైరు మీద ఎంత, గ్రౌండ్ వైరు మీద ఎంత వచ్చిందో విడివిడిగా రాయండి.