ఎంపీసీ చదివిన అమ్మాయి బీఏ, ఆపైన జెండర్ స్టడీస్ అంటే ఒప్పుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతలో ఇదీ: అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది, ఇంజనీరింగ్ వద్దంటోంది, బీఏలో సోషియాలజీ తీసుకుని ఆ తర్వాత జెండర్ స్టడీస్, అంటే సమాజం ఆడ, మగ తేడాలను ఎలా చూస్తుందో చదివే చదువు, చేస్తానంటోంది. ఇది కూడు పెట్టే చదువేనా అని మీ బెంగ. మధ్యలో ఒక వాక్యం రాశారు: "మా ఆవిడ ఏమీ చేయదు, ఇంటిపట్టునే ఉంటుంది, అన్నీ నా ఒక్కడి జీతం మీదే." నా జవాబు అక్కడి నుంచే మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి. మా ఇంట్లో కూడా ఇదే మాట ఉండేది.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. 2006లో బీటెక్‌లో చేరేటప్పుడు ఫారంలో తల్లి వృత్తి అన్నచోట "హౌస్‌వైఫ్" అని రాశాను. ఆ రోజు కూడా అమ్మ నాలుగింటికే లేచి రెండు బర్రెలకు పాలు పిండి, పాలకేంద్రంలో పోసి వచ్చి, నాకు సద్ది కట్టి బస్సెక్కించింది. ఆ ఏడాది నా ఫీజులో సగం ఆ పాల బిల్లే. అయినా నా చేయి హౌస్‌వైఫ్ అనే రాసింది. నాయననడిగినా అంతే: "మీ అమ్మేం చేస్తది, ఇంట్ల ఉంటది."

బీటెక్ అయ్యాక మాదాపూర్‌లో రెండున్నరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. నచ్చలేదు, అంతకంటే పెద్ద కథేమీ లేదు. 2013లో మానేసి ఎంఏ సోషియాలజీలో చేరాను. జెండర్ పేపరు ఎందుకు తీసుకున్నానంటే, ఆ మేడం మార్కులు బాగా వేస్తుందని సీనియర్లు చెప్పారు. తర్వాత అదే నన్ను పట్టుకుంది. "ఆడోళ్ల సదువు నీకెందుకురా" అని ఊళ్లో రెండేళ్లపాటు నవ్వుకున్నారు.

మేడం రెండో క్లాసులోనే ఒక కాగితం పంచింది. జాతీయ నమూనా సర్వేల్లో మనుషులు చేసే పనికి వేసే కోడ్ల జాబితా అది. సొంత పని చేసుకునేవాళ్లకు 11, ఇంటి వ్యాపారంలోనో వ్యవసాయంలోనో జీతం లేకుండా సాయం చేసేవాళ్లకు 21, నెల జీతగాళ్లకు 31, చదువుకునేవాళ్లకు 91, ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు 92. ఇంటిపనితో పాటు ఇంటి కోసం కట్టెలు ఏరడం, బట్టలు కుట్టడం లాంటివి కూడా చేస్తే 93. "మీ అమ్మకు ఏ కోడ్ వేస్తారు?" అని అడిగింది. ఒకరిద్దరు తప్ప అందరం 92 వేశాం. 92, 93 రెండూ దేశంలో పనిచేసేవాళ్ల లెక్కలోకి రావు.

"ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని రేపు మళ్లీ రాయండి" అంది. ఆ సాయంత్రం ఫోన్ చేశా. "ఇయ్యాల ఏం చేసినవమ్మా?" "ఏం చేసిన్నా? ఏం జేయలే. ఎప్పటిదే." మేడం ఎందుకు అడగమందో అప్పుడర్థమైంది. చివరికి అమ్మ కూడా ఏం చేయలేదనే చెప్పింది. మళ్లీ అడిగాను, ఈసారి గంట గంటకీ. నాలుగింటికి ఏం చేసినవ్, ఆరింటికి ఎక్కడున్నవ్, అన్నం ఎప్పుడు తిన్నవ్. పాలు, పేడకళ్లు, కుడితి, నారుమడి దగ్గర కూలీలకు చాయ్, మధ్యాహ్నం పచ్చిగడ్డి కోత, మళ్లీ పాలు. నోట్‌బుక్‌లో రెండు పేజీలు నిండాయి. మా అమ్మది 92 కాదు. పాలు అమ్ముతోంది కాబట్టి 11, కాదూ కూడదంటే 21. ఒక్క ప్రశ్న తేడాతో ఒక మనిషి దేశం లెక్కల్లోకి రావడమో, రాకపోవడమో తేలిపోతోంది.

దేవకీ జైన్ అనే ఆర్థికవేత్త 1970లలోనే రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ పల్లెల్లో సరిగ్గా ఇదే పని చేసిందని తర్వాత చదివాను. "మీ వృత్తి ఏమిటి" అనే ప్రశ్న పక్కనపెట్టి, రోజంతా ఎవరి సమయం ఎటు పోతోందో లెక్కగట్టారు. ఆ దారిలోనే 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రభుత్వం ప్రయోగాత్మకంగా సమయ వినియోగ సర్వే చేసింది, 2019లో దేశమంతా చేసింది. 2019 లెక్కల్లో, ఇంటి మనుషుల కోసం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చేయి పెట్టే మగవాళ్లే నలుగురిలో ఒకరు.

ఇప్పుడు నా ఉద్యోగం ఇదే. గృహ సర్వేలకు ప్రశ్నావళి తయారుచేయడం, అడిగేవాళ్లకు శిక్షణ ఇవ్వడం. బీటెక్ నాకు లెక్కలిచ్చింది, కాదనను. ఏది లెక్కపెట్టాలో, రెండో ప్రశ్న ఎక్కడ వేయాలో మాత్రం ఆ జెండర్ పేపరు దగ్గరే నేర్చుకున్నాను.

ఇంకొక సంగతి చెప్పాలి, ఇది నా గర్వం దిగిన కథ. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లయిపోయినవాళ్లకు మాత్రం అది వర్తించదు. దేశం మొత్తానికి ఆ హక్కు 2005లో గానీ రాలేదు. క్లాసులో ఈ తేదీ వినగానే నాకు ఒళ్లు జలదరించింది. మా అమ్మ పెళ్లి 1983లో, చిన్నమ్మ పెళ్లి 1987లో. అంటే ఆ 1986 సవరణ ప్రకారం, ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి హక్కు ఉంది, ఒకరికి లేదు. కానీ పంపకాలప్పుడు చిన్నమ్మ కూడా సంతకం పెట్టి వదిలేసుకుంది, పసుపు కుంకుమ కింద ఏదో కొంత ముట్టజెప్పారు. పాపం తనకు తెలియదనుకుని, జ్ఞానబోధ చేద్దామని వెళ్లాను. అంతా విని చిన్నమ్మ అంది: "ఎరికనే బిడ్డా. ఎరికుండే పెట్టిన. మీ మామలతోని కొట్లాడితే రేపు నాకు పుట్టిల్లేది? బతుకమ్మకు ఎవరింటికి పోవాలె?"

నేను నోరు మూసుకున్నాను. చట్టం నాకు తెలుసు, దాని ధర ఆమెకు తెలుసు. ఈ చదువు చదివినవాళ్లలో కొంతమంది ఊళ్లో ఆడవాళ్లకు ఏమీ తెలియదన్నట్టు మాట్లాడతారు. మీ అమ్మాయి మొదటి ఏడాది అలాగే మాట్లాడొచ్చు, కాస్త ఓపిక పట్టండి. నాకైతే చిన్నమ్మ పుణ్యాన ఆ జబ్బు తొందరగానే నయమైంది.

ఆ చిన్నమ్మ కొడుకు బీటెక్‌లో ఉండగా, 2015లో, జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలకు జెండర్ మీద ఒక కోర్సు పెట్టింది. హైదరాబాద్‌లోని అన్వేషి అనే మహిళా అధ్యయన సంస్థ వాళ్లు తయారుచేసిన పాఠ్యపుస్తకం, తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లో, తెలుగు అకాడమీ అచ్చు వేసింది. అందులో కనిపించని ఇంటి చాకిరీ మీదే ఒక పాఠం ఉంది. వాడు మొదట నవ్వాడు, "అన్నా, నీ సబ్జెక్టు మాకు కూడా అంటగట్టిన్రు" అన్నాడు. ఇంజనీరింగ్‌లో చేర్చినా మీ అమ్మాయికి ఇది ఎక్కడో ఒకచోట ఎదురవుతుందని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

ఇక డబ్బు సంగతి, దాచకుండా చెప్తాను. టెస్టింగ్ వదిలేనాటికి నా జీతం 26 వేలు, ఎంఏ తర్వాత మొదటి ఉద్యోగం 18 వేలు. నాతో బీటెక్ చేసినవాళ్లలో చాలామంది ఈనాటికీ నాకంటే రెండింతలు సంపాదిస్తున్నారు. జెండర్ స్టడీస్ అని బోర్డు పెట్టి పిలిచే ఉద్యోగాలు తక్కువ. స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన, టీచింగ్, కంపెనీల్లో 2013 చట్టం కింద వేసే లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీల పని, పత్రికలు, ఇంత వరకే. గ్రూప్స్, సివిల్స్ రాస్తే సోషియాలజీ అక్కరకొస్తుంది. లక్షలకు లక్షలు ఫీజు గుంజే ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి అప్పుచేసి మాత్రం పంపకండి. అదే చదువు ప్రభుత్వ యూనివర్సిటీలో దాదాపు ఆ ఫీజుకు వచ్చే వడ్డీతో అయిపోతుంది.

ఇంకొక కష్టం భాష. పుస్తకాలన్నీ కొరకరాని ఇంగ్లీషు. నేను మొదటి సెమిస్టర్ అంతా ఒక్కో పేరా నాలుగుసార్లు చదివి, క్లాసులో నోరెత్తకుండా కూర్చున్నాను. ఢిల్లీ, బెంగళూరు కాన్వెంట్ల నుంచి వచ్చినవాళ్లే మాట్లాడేవారు. తెలుగు మీడియం పిల్లయితే ఆరు నెలలు ఇంటికొచ్చి ఏడుస్తుంది, మానేస్తానంటుంది. అప్పుడు "మేం ముందే చెప్పాం" అనకండి.

తెలంగాణలో బీఏ అయితే దోస్త్‌లో, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో, ఆప్షన్లు పెట్టాలి. ఎంపీసీ అమ్మాయి కాబట్టి సోషియాలజీతో పాటు ఎకనామిక్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ దొరికే కాంబినేషన్ వెతకండి, లెక్కలు వదలనివ్వకండి. మా ఆఫీసులో మనుషుల కథా చెప్పగలిగి, డేటా పట్టికా చదవగలిగినవాళ్లు దొరక్క నెలల తరబడి కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. తర్వాత పీజీకి సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష ఉంది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయనాలకు ఒక విభాగమే ఉంది, అదీ చూడండి.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు లైబ్రరీ సాయంత్రం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో, ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. మా క్లాసులో ఇద్దరమ్మాయిలు ఎప్పుడూ నాలుగున్నరకే పుస్తకాలు సర్దుకుని పరిగెత్తేవారు, వాళ్ల ఊరికి ఆఖరి బస్సు అయిదింటికే.