డబ్బా తిప్పి అడుగు చూడు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఇంట్లో బీరు చేయడానికి ఏ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన సిరప్ లేదా పొడి) కొనాలో తేలక షాపులో అరగంట తిరిగి ఉత్త చేతులతో వచ్చేశానన్నావు. మంచి పని చేశావు. డల్లాస్ వచ్చిన కొత్తల్లో నేను అలాగే తిరిగి తిరిగి, డిస్కౌంట్ బుట్టలో కనబడ్డ సిరప్ డబ్బాలు రెండు పట్టుకొచ్చాను. లేత బంగారు రంగులో పేల్ ఏల్ అనే బీరు రావాల్సింది, కుంకుడు రసంలా వచ్చింది. రుచి అయితే మాడిన పాకమే. రెసిపీని అనుమానించాను, బీరుని పులియబెట్టే ఈస్ట్‌ని తిట్టాను. నెల తర్వాత ఖాళీ డబ్బా పారేయబోతూ తిప్పి చూస్తే, అడుగున తేదీ ఉంది. గడువు దాటి ఏడాదిన్నర!

కాబట్టి ముందు తేదీ చూడు, బ్రాండ్ సంగతి తర్వాత. సిరప్‌లో దాదాపు ఐదో వంతు నీళ్ళే. ఆ తడి వల్ల నిల్వ ఉన్నకొద్దీ నల్లబడుతుంది, మన ఇంట్లో వానాకాలం దాటిన బెల్లంలాగే. రంగుతో పాటు రుచీ పోతుంది. పొడిలో తడి చాలా తక్కువ, అందుకే ఎక్కువ కాలం ఆగుతుంది. నా ఓటు పొడికే. అలాగని సిరప్ చెడ్డదని కాదు. గిరాకీ బాగా ఉండి, పెద్ద డ్రమ్ములోంచి పట్టి ఇచ్చే షాపు దొరికితే నిశ్చింతగా తెచ్చుకో.

రెసిపీలో సిరప్ అని రాసి ఉంటే, పౌనుకి 0.8 పౌను పొడి లెక్కేసుకో. 3 పౌన్ల పొడి సంచులు రెండు కలిపి 5 గాలన్ల బీరు చేస్తే, పులియబెట్టక ముందు హైడ్రోమీటర్ (నీళ్ళతో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో కొలిచే గొట్టం) 1.053 దగ్గర చూపిస్తుంది. పులిశాక ఆల్కహాల్ 5 శాతం, అటూ ఇటూగా. మొదటిసారికి అది చాలు.

ఇక రంగు. అరలో ఎక్స్‌ట్రా లైట్, లైట్, అంబర్, డార్క్ అని వరసగా పెడతారు. నువ్వు చేసేది నల్లటి స్టౌట్ బీరు అయినా సరే, లైటే కొను. అంబర్, డార్క్ అనేవి బజారు సాంబారు పొడి లాంటివి. అందులో ఏ గింజ ఎంత పడిందో చాలా లేబుళ్ళు చెప్పవు. లైట్ తీసుకుంటే రంగూ రుచీ నీ చేతిలో ఉంటాయి. అర పౌను క్రిస్టల్ మాల్ట్ (రంగు, తీపి ఇచ్చే వేయించిన బార్లీ గింజ) నలగ్గొట్టించి, పల్చటి గుడ్డలో మూటగట్టి, 150–160 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడినీళ్ళలో అరగంట నానబెట్టు. నీళ్ళు మరిగేలోపే మూట తీసేయాలి, లేకపోతే పొట్టులోంచి వగరు దిగుతుంది. మూట తీశాక ఆ నీళ్ళు డికాక్షన్ రంగులో ఉంటాయి, ఇల్లంతా కాల్చిన బిస్కెట్ వాసన. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే. గోధుమ బీరు చేయాలనిపిస్తే మాత్రం వీట్ ఎక్స్‌ట్రాక్ట్ కొనాల్సిందే. పేరుకి గోధుమే గానీ అందులో బార్లీ కూడా ఉంటుంది, కంగారుపడకు.

హాప్స్ (బీరుకి చేదు ఇచ్చే పూలు) ముందే కలిపిన డబ్బాలు ఇప్పుడే వద్దు. చేదు ఎంత ఉండాలో వాళ్ళే తేల్చేసి ఉంటారు. రొట్టెలకని అమ్మే మాల్ట్ పొడి కూడా వద్దు, అది వేరే సరుకు. 1920 నుంచి 1933 దాకా ఈ దేశంలో మద్యనిషేధం ఉన్నప్పుడు కిరాణా కొట్లలో మాల్ట్ సిరప్‌ని రొట్టెల కోసమనే అమ్మేవారు. ఎంతమంది రొట్టెలు చేశారో ఆ దేవుడికే తెలియాలి.

పొడిని మరిగే గిన్నెలో నేరుగా ఒంపకు. ఆవిరి తగలగానే సంచి మూతి దగ్గరే జిగురై గడ్డకడుతుంది. రాగి జావకి పిండి కలిపినట్టు ముందు చల్లనీళ్ళలో కలుపు. స్టవ్ ఆపి, దాన్ని గిన్నెలో పోసి, బాగా తిప్పి, అప్పుడు మళ్ళీ వెలిగించు. సిరప్ అయితే ఇంకా జాగ్రత్త, బరువుకి కిందికి దిగి అడుగంటుతుంది. సగం మొదట్లో, మిగతా సగం చివరి పావుగంటలో వేస్తే రంగు లేతగా నిలుస్తుంది. ఇది పాలకంటే ఘోరంగా పొంగుతుంది. ఫోన్ పక్కన పెట్టి గిన్నె దగ్గరే ఉండు. నా స్టవ్ కడగడానికి మీ అత్తయ్య నన్ను రెండు గంటలు కూర్చోబెట్టింది.

చట్టం గురించి టెన్షన్ అక్కర్లేదు. ఇంట్లో ఒక్కడివే పెద్దవాడివి కాబట్టి ఏడాదికి 100 గాలన్లు నీ కోసం చేసుకోవచ్చు, అమ్మకూడదు అంతే. ఇండియా వెళ్ళినప్పుడు మాత్రం ఈ ప్రయోగాలు పెట్టకు. అక్కడ లైసెన్స్ లేకుండా చేస్తే కేసే. పైగా తాతయ్య నువ్వు సారా కాస్తున్నావనే అనుకుంటారు.

శనివారం మళ్ళీ షాపుకి వెళ్తావుగా, సంచి వెనక తేదీ కనిపించేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. నేను సరేనన్నాకే డబ్బులు కట్టు.

మీ మామయ్య