పొలం అమరావతికి ఇచ్చారు, పాప చదువునీ దానికే ముడిపెట్టకండి

ప్రశ్న: మాది తుళ్లూరు దగ్గర. రెండెకరాలు ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చాం. అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి కాబట్టి, ఇంటర్ ఎంపీసీ అయిన మా పాపను సివిల్‌లో చేర్పిస్తే సొంతూళ్లోనే ఉద్యోగం దొరుకుతుందని నా ఆశ. తనేమో సీఎస్ఈ అంటోంది. ఏం చేయమంటారు?
- ఓ తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీ ఆశ నాకు అర్థమైంది. కానీ ఒక్కసారి లెక్క చూడండి. ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన జరిగింది 2015 అక్టోబరులో. అదే ఏడాది సివిల్‌లో చేరిన పిల్లలు పట్టా పుచ్చుకుంది 2019లో. సరిగ్గా అప్పుడే పనులు ఆగాయి, డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ బ్యాచ్ అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చి ఫోన్లో ఫొటో చూపించాడు. సచివాలయం టవర్ల పునాదుల్లో నీళ్లు నిలిచి, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు పైకి తేలి ఉన్నాయి. "ఇక్కడే చేరదామనుకున్నా సార్" అన్నాడు. ఆ తర్వాత ఎస్టిమేషన్, బిల్లింగ్ నేర్చుకుని కోకాపేటలో ఒక సైట్‌లో కుదురుకున్నాడు.

2025 మేలో పనులు మళ్లీ మొదలవడం నాకూ సంతోషమే. అయితే కట్టే రోజుల్లో వచ్చే ఉద్యోగాలు కట్టడం అయ్యాక మరో సైట్‌కి వెళ్లిపోతాయి. ఇక ఆఫీసులంటారా, 2016లో హైదరాబాద్ నుంచి వెలగపూడికి కదిలింది చాలావరకు ఉన్న ఉద్యోగులే. కొత్త పోస్టులు పుట్టేది కంపెనీలు, ఆసుపత్రులు, కాలేజీలు వచ్చి నిలబడినప్పుడు. మన దగ్గర 1998లో సైబర్ టవర్స్ మొదలైనా, మాదాపూర్ ఇప్పటి రూపానికి రావడానికి ఏళ్లు పట్టింది.

ఇంకో మాట, ఇదే ముఖ్యం. మీ పొలం ఇప్పటికే ఆ ఊరి భవిష్యత్తు మీద ఉంది. పొలానికి బదులుగా మీకొచ్చే ప్లాట్ల ధర దానితోనే పెరుగుతుంది, తగ్గుతుంది. పాప ఉద్యోగం కూడా అక్కడే పెట్టారనుకోండి, ఎప్పుడైనా పనులు మందగిస్తే ఇంట్లో రెండు ఆధారాలకూ ఒకేసారి దెబ్బ. పాప సంపాదన వేరే దారిలో ఉంటేనే ప్లాటును తొందరపడి అమ్మకుండా ఆగగలుగుతారు.

సీఎస్ఈ తన ఇష్టమైతే చేరనివ్వండి. ఊళ్లు ఎలా కడతారన్న ఆసక్తి నిజంగా ఉంటే సివిల్ ఒక్కటే దారి కాదు. విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఊళ్ల ప్రణాళిక నేర్పే బి.ప్లానింగ్ డిగ్రీ ఉంది, దానికి జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి. ఈసారి ఊరెళ్లినప్పుడు పాపను రోడ్డు పని జరుగుతున్న చోటికి తీసుకెళ్లండి. అక్కడ ప్రశ్నలు అడుగుతుందో, కార్లోనే కూర్చుంటుందో చూసి, అప్పుడు వెబ్ ఆప్షన్లు పెట్టండి.