టెక్ సందేహాలు: ఆర్డర్లకు బోర్డు, లెక్కలకు షీటు

ప్రశ్న: గుంటూరులో మాది చిన్న బొటిక్. కటింగ్ మాస్టర్, ఇద్దరు టైలర్లు షాపులోనే ఉంటారు. మగ్గం వర్క్ బయట ఇస్తాం. ఏ బ్లౌజు ఎక్కడుందో గోడ మీది వైట్‌బోర్డులో రాసుకుంటాం. నేను బయటికెళ్తే దాని ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో ఇదే టెన్షన్. ఆన్‌లైన్ వైట్‌బోర్డు వాడొచ్చా? ఉచితంగా దొరికేది చెప్పండి.

జవాబు: వాడొచ్చు. మిరో (Miro) అనే ఆన్‌లైన్ వైట్‌బోర్డు యాప్ ఉంది, మీకు దాని ఉచిత ప్లాన్ సరిపోతుంది. అందులో మార్పులు చేసుకునే బోర్డులు మూడే ఇస్తారు కాబట్టి కస్టమర్‌కో బోర్డు తెరవకండి. ఒకే బోర్డులో కొలతలు, కటింగ్, మగ్గం, కుట్టు, ట్రయల్, డెలివరీ అని నిలువు వరుసలు గీయండి. బ్లౌజుకో స్టికీ నోట్ పెట్టి, పని ముందుకెళ్లినప్పుడల్లా పక్క వరుసలోకి జరపండి. దాని మీద బిల్లు నంబరు, ఇవ్వాల్సిన తేదీ చాలు. రంగులు కూడా రెండే: మామూలువి పసుపు, ఈ వారం ఇవ్వాల్సినవి ఎరుపు. ఏడు రంగులు పెడితే ఏది దేనికో గుర్తుపెట్టుకోవడమే ఇంకో పనవుతుంది.

ఫోన్‌లో ఒక చిక్కుంది. స్టికీ నోట్ జరపబోతే వేలు తగిలి వరుసే పక్కకు పోతుంది. అందుకే గీతలన్నీ కంప్యూటర్‌లో గీసి, వాటిని సెలెక్ట్ చేసి లాక్ చేసేయండి. ఆ తర్వాత ఎవరెంత గీకినా నోట్లే కదులుతాయి.

మగ్గం వాళ్లను బోర్డులోకి పిలవకండి. వాళ్లకు నాలుగైదు షాపుల పని ఉంటుంది, మీ ఒక్కరి కోసం యాప్ వేసుకోరు. బట్ట పంపినప్పుడు, తిరిగొచ్చినప్పుడు మీ షాపులో ఒక్కరే నోట్ జరపాలి. ఇద్దరికి అప్పగిస్తే ఇద్దరూ జరపరు!

నన్నడిగితే, బొటిక్‌కు ఈ బోర్డుతో అసలు లాభం డిజైన్ దగ్గర. చీర ఫొటో, కస్టమర్ చూపించిన మెడ డిజైన్ పక్కపక్కన పెట్టి, బాణాలు గీసి ‘జర్దోసీ ఇక్కడి దాకా’, ‘చేతులకు బుటాలు వద్దు’ అని రాయండి. కస్టమర్ ఎదురుగా ఉండగానే ఇది చేస్తే మాట తేడా రాదు. ఆ భాగాన్ని బొమ్మగా సేవ్ చేసి మగ్గం మాస్టర్‌కు వాట్సాప్‌లో పంపితే చాలు, ఆయనకు యాప్‌తో పని లేదు.

అడ్వాన్సులు, బాకీలు మాత్రం బోర్డు మీద రాయొద్దు. అది కూడికలు చేయదు. అవే బిల్లు నంబర్లతో గూగుల్ షీట్స్‌లో రాసుకోండి.

ప్రశ్న: మా బోర్డు లింకు షాపు గ్రూపులో పెట్టాం. పని మానేసిన అమ్మాయిని గ్రూపులోంచి తీసేశాం. అయినా బోర్డు చూడగలదా?

జవాబు: ‘లింకు ఉన్న ఎవరైనా’ అనే సెట్టింగ్ పెట్టి ఉంటే చూడగలదు. గ్రూపులోంచి తీసినా లింకు పనిచేస్తూనే ఉంటుంది. షేర్‌లోకి వెళ్లి ఆ సెట్టింగ్ ఆపేసి, ఉన్నవాళ్లను ఈమెయిల్‌తో చేర్చుకోండి. సభ్యుల జాబితాలో ఆ అమ్మాయి పేరుంటే తొలగించండి. షాపంతా ఒకే లాగిన్ వాడుతుంటే పాస్‌వర్డ్ మార్చి, అన్ని ఫోన్లలో లాగౌట్ చేయించండి. కస్టమర్ల ఫోన్ నంబర్లు, కొలతలు బోర్డు మీద ఉంటే ఈరోజే చెరిపేయండి.

ప్రశ్న: మేం ఇంటీరియర్ పనులు చేస్తాం. గూగుల్ జామ్‌బోర్డ్‌లో గీసిన పాత ప్లాన్లు తెరుచుకోవడం లేదు. అవి పోయినట్టేనా?

జవాబు: జామ్‌బోర్డ్ అనే తన ఆన్‌లైన్ వైట్‌బోర్డును గూగుల్ 2024 డిసెంబరు 31తో మూసేసింది. పాత ఫైళ్లకు పీడీఎఫ్ కాపీలు మీ డ్రైవ్‌లో ఉండాలి. ఫైలు పేరుతో వెతికి, రకం దగ్గర పీడీఎఫ్ ఎంచుకోండి. దొరికినా వాటిలో గీతలు కదలవు, చూసుకోవడానికే పనికొస్తాయి.

సైట్‌లో నిలబడి వడ్రంగికి ఏదైనా గీసి చూపించాలంటే బ్రౌజర్‌లో తెరుచుకునే ఎక్స్‌కాలిడ్రా (Excalidraw) అనే వైట్‌బోర్డు ప్రయత్నించండి. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది), ఖాతా కూడా అడగదు. అయితే మీరు గీసింది ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది. బ్రౌజర్ డేటా క్లియర్ చేస్తే అదీ పోతుంది. పని జరిగే చోటు వదిలే ముందే ఫైలుగా సేవ్ చేసి డ్రైవ్‌లో పెట్టుకోండి.