చీరప్ ఎప్పుడు, ఎవరితో?

(ఇంగ్లిష్ మాటల మీద పాఠకుల ప్రశ్నలకు ఓ రిటైర్డ్ లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: మా ఆఫీసు లండన్ టీమ్‌లో ఒకావిడ తండ్రి చనిపోయారు. నేను ‘చీరప్’ అని మెసేజ్ పెట్టాను. అలా రాయకూడదని మా మేనేజర్ అన్నారు. ఉత్సాహపరచడమే కదా దాని అర్థం? వేరే ఏ మాటలున్నాయి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ మనసు మంచిదేనమ్మా, మాటే సందర్భానికి చాలలేదు. చీరప్ చిన్న దిగులుకు పనికొచ్చే మాట. మ్యాచ్ ఓడిపోయాం, లెక్కల్లో మార్కులు తగ్గాయి, ఊరెళ్దామంటే సెలవు దొరకలేదు... ఇలాంటి వాటికి. ‘ఎందుకలా మొహం వేలాడేసుకున్నావ్?’ అని మనం అంటామే, అంత బరువే దానికి. పైగా చీర్ అనే మాటకు మొదట ఉన్న అర్థం కూడా మొహమే. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మొహం నుంచి మొహంలో కనిపించే భావానికి, అక్కణ్నుంచి సంతోషానికి మారింది.

ఒకప్పుడు దానికి ఇంకా బరువుండేది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో, యోహాను సువార్తలో, యేసు తన శిష్యులతో ‘బీ ఆఫ్ గుడ్ చీర్’ అంటాడు. మన తెలుగు బైబిల్లో అదే చోట ‘ధైర్యము తెచ్చుకొనుడి’ అని ఉంటుంది. ఇప్పటి చీరప్‌కు అంత లోతు లేదు. తండ్రి పోయిన మనిషికి అది ‘ఇక చాల్లే, నవ్వు’ అన్నట్టు వినిపిస్తుంది.

మరి ఏం రాయాలి? ‘ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్’ చాలు. పాత మాటే అయినా ఎవరినీ నొప్పించదు. ‘ఐ కన్సోల్ యు’ అని మాత్రం రాయకండి. ఓదార్చేవాళ్లు ‘నిన్ను ఓదారుస్తున్నాను’ అని తెలుగులోనూ చెప్పరు కదా! ‘ధైర్యంగా ఉండండి’ని మక్కీకి మక్కీ ‘బీ బ్రేవ్’ చేయడం కూడా బాగుండదు. ఇంజెక్షన్‌కు ముందు పిల్లాడికి చెప్పినట్టుంటుంది.

మిగతా మాటల్లో ఏది వాడాలన్నది మనిషి ఎంత కుంగి ఉన్నాడో, మీరు అతన్ని ఎంతవరకు లేపాలనుకుంటున్నారో దాన్నిబట్టి ఉంటుంది. ఎన్‌కరేజ్ అంటే ఏదో ఒక పనికి పురికొల్పడం. గ్రూప్స్ రెండోసారి రాయడానికి జంకుతున్న తమ్ముణ్ని ఎన్‌కరేజ్ చేస్తారు. దీని తరవాత ‘టు’ రావాలి: ‘ఐ ఎన్‌కరేజ్డ్ హిమ్ టు రైట్’. మన పిల్లలు ‘ఫర్ రైటింగ్’ అని రాస్తారు, పేపర్లు దిద్దీ దిద్దీ నా ఎర్ర పెన్నులు అయిపోయాయి. డిస్‌కరేజ్ అయితే ‘ఫ్రమ్’ వస్తుంది.

హార్టెన్‌లో ఉన్నది హార్టే. ఎన్‌కరేజ్‌లోని కరేజ్ కూడా మూలంలో గుండె మాటే. గుండె నిబ్బరం, గుండె దిటవు అనే మనకు ఇది వింతేమీ కాదు. అయితే హార్టెన్‌ను ఎక్కువగా ‘ఐ వాజ్ హార్టెన్డ్ బై యువర్ లెటర్’ అనే వరసలోనే వాడతారు. మీ ఉత్తరం చూశాక కాస్త ధైర్యం వచ్చిందని.

బాయ్ అప్ అనేది నాకు ఇష్టమైన మాట. విశాఖ లాంటి రేవుల్లో ఓడలకు దారి తెలియడానికి నీళ్ల మీద తేలేలా కట్టి ఉంచుతారే, ఆ బాయ్ ఇది. మునిగిపోకుండా తేల్చి పట్టుకోవడం అన్నమాట. కష్టం తీరకపోయినా పరవాలేదు. ఆసుపత్రిలో ఉన్న మనిషికి మనవడి ఫోన్ వచ్చిందనుకోండి, ఆ ఫోన్ చేసే పని ఇదే.

ఎలేటెడ్‌కు మన ‘ఉబ్బితబ్బిబ్బు’ అచ్చంగా సరిపోతుంది. ర్యాంకు వచ్చినప్పుడు వాడండి, అంతకు తక్కువకు వద్దు. ఎగ్జిలరేట్ ఒళ్లు ఝల్లుమనే హుషారు. అరకు రైలు సొరంగం దాటి ఒక్కసారిగా లోయ పక్కకు వచ్చినప్పటిది. అనుభవం ఎగ్జిలరేటింగ్, మీరు ఎగ్జిలరేటెడ్. ‘ఐ యామ్ ఎగ్జిలరేటింగ్’ అంటే, మిమ్మల్ని చూసి ఎదుటివాళ్లకు ఒళ్లు ఝల్లుమంటోందని అర్థం! దీని మధ్యలో హిలేరియస్ చుట్టం ఒకటి దాక్కుని ఉంది, రెండూ ఒకే లాటిన్ మాట పిల్లలు. కాబట్టి పలకకపోయినా ‘హెచ్’ రాయాలి.

ప్రశ్న: ‘అప్‌లిఫ్ట్‌మెంట్’ తప్పు మాటా? మా సంఘం కరపత్రాల్లో వాడుతున్నాం.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మన దేశంలో, దక్షిణాఫ్రికాలో బాగా వాడుకలో ఉంది, కరపత్రంలో ఉంచేయండి. విదేశీ యూనివర్సిటీకి రాసేటప్పుడు ‘అప్‌లిఫ్ట్’ చాలు, అది క్రియా, నామవాచకం రెండూను. దిగులుగా ఉన్న స్నేహితుణ్ని ‘నేను అప్‌లిఫ్ట్ చేశాను’ అనకండి. ఉద్ధరించానన్నట్టుంటుంది.

ప్రశ్న: మా బ్రిటిష్ క్లయింట్ ప్రతి మెయిల్ చివరా ‘చీర్స్’ అంటాడు. తాగి రాస్తున్నాడా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: లేదు బాబూ, థాంక్స్ అంటున్నాడు. బ్రిటన్‌లో టీ కప్పు అందించినా చీర్సే. మైదానం పక్కన నిలబడి ఆటగాళ్లను కేకలతో హుషారెక్కించడం ‘చీర్ ఆన్’, దానికీ దీనికీ సంబంధం పెట్టకండి. ఆయనకు మీరూ చీర్స్ రాయొచ్చు. మీ పై అధికారికి సెలవు అడిగే మెయిల్లో మాత్రం వద్దు.