మాతృశిలలో మరకతం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బావగారు జైపూర్‌లో కొని తెచ్చిన మరకత స్ఫటికం ఒకటి మా ఇంట్లో ఉంది. అది తెల్లని రాతిలో సగం దిగబడి ఉంది. పక్కనే బంగారు రంగు గింజలు మెరుస్తున్నాయి. కొలంబియాదని చెప్పి అమ్మారట. పగుళ్లు ఉన్నాయి కనుక విడదీసి, సాన పట్టించి ఉంగరంలో పెట్టించమని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: దయచేసి విడదీయకండి. పగుళ్లున్న మరకతాన్ని కోస్తే చివరికి మిగిలేది చిన్న ముక్క. అదే స్ఫటికం తాను పుట్టిన రాతితో కలిసి ఉన్నప్పుడు, ఆరు పలకల నిలువు కట్టుతోనూ చదునైన పైభాగంతోనూ, ఖనిజ సేకర్తలకు విలువైన నమూనా అవుతుంది. బుధగ్రహం కోసమే అయితే వేరే రాయి కొనుక్కోవచ్చు.

మీ వర్ణన కొలంబియాకు సరిపోతోంది. ముజో, చివోర్ గనుల్లో నల్లని షేల్ రాతిని (గట్టిపడిన బంకమట్టి పొరలు) చీల్చుకుపోయిన కాల్సైట్ (తెల్లని సున్నపు ఖనిజం) పాయల్లో, పైరైట్ (బంగారంలా మెరిసే ఇనుము, గంధకాల ఖనిజం) గింజల సరసన మరకతాలు దొరుకుతాయి. జాంబియా, రాజస్థాన్ మరకతాలైతే సాధారణంగా అభ్రకం నిండిన, పొరలుగా విడిపోయే షిస్ట్ రాతిలో ఉంటాయి. అయితే విడి స్ఫటికాన్ని కాల్సైట్‌లో జిగురుతో అతికించి అమ్మేవారూ ఉన్నారు కనుక, స్ఫటికం రాతిని తాకే అంచును భూతద్దంతో పరిశీలించి, తర్వాత చీకటి గదిలో అతినీల లోహిత దీపం కింద చూడండి. కాల్సైట్ కూడా ఆ వెలుగులో మెరవవచ్చు. అంచు వెంబడి మాత్రమే గీతలా మెరిస్తే జిగురును అనుమానించాలి. ఆమ్లం చుక్క వేసి పరీక్షించవద్దు, కాల్సైట్ నురగలెత్తి కరిగిపోతుంది. అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) జిగురును వదులు చేస్తుంది కానీ, పగుళ్లు కనబడకుండా వాటిలో పట్టించిన నూనె ఉంటే దాన్ని కూడా లాగేస్తుంది.

మీరు అడగకపోయినా, కోనసీమలో అసలు చిక్కు చెమ్మ. మరకతానికి దానివల్ల హాని లేదు. పైరైట్ మాత్రం తేమగాలిలో ఆక్సీకరణం చెంది గంధకికామ్లాన్ని ఇస్తుంది, అది పక్కనున్న కాల్సైట్‌ను తినేస్తుంది. గట్టిగా, నిగనిగలాడే పైరైట్ కొంత తట్టుకుంటుంది. సన్నని పొడిలాంటిది త్వరగా చెడుతుంది. కనుక గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో ఉంచి, వానాకాలంలో ఆ జెల్‌ను తరచూ ఆరబెట్టి మళ్లీ పెట్టండి. తెల్లని లేదా పసుపు పొడి కనిపిస్తే పైరైట్ చెడుతోందని అనుమానించి, నమూనాను పొడిగా ఉంచడంలో ఆలస్యం చేయవద్దు. గని పేరు, కొన్న తేదీ, అమ్మినవారు చెప్పిన వివరాలు ఒక చీటీ మీద రాసి డబ్బాలోనే ఉంచండి. ఊరూపేరూ లేని నమూనాకు సేకర్తలలో ఆదరణ తక్కువ.

ప్రశ్న: గోదావరి ఇసుకలో మరకతాలు దొరుకుతాయా? (ఒక పాఠకురాలు, నరసాపురం)

జవాబు: ఆశ పెట్టుకోవద్దు. మరకతం సాంద్రత సుమారు 2.7, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 2.65, అంత దగ్గర బరువున్న రాయిని నది వేరుచేసి ఒకచోట పోగుచేయలేదు. మన తీరంలో గార్నెట్, ఇల్మనైట్ ఇసుక పొరలుగా పేరుకోవడానికి కారణం వాటి బరువే. పైగా పగుళ్లున్న స్ఫటికం ఏటి ప్రయాణంలో నలిగిపోతుంది. ఒడ్డున దొరికే నున్నని ఆకుపచ్చ ముక్క చాలావరకు సీసా పెంకే.