తలుపే లేని గుమ్మం, తలుపుకు అంటించిన సమన్లు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయవాడ. ఇల్లు కట్టడానికి ఒక మేస్త్రీకి లేబర్ కాంట్రాక్ట్ ఇచ్చాం. స్లాబ్ వేశాక వాన పడితే హాల్లోకి నీళ్లు కారడం మొదలైంది. బాగు చేయమంటే చేయలేదు, మిగతా డబ్బు ఆపేశాం. ‘కోర్టులోనే తేల్చుకుంటా’ అని ఫోన్లో అరిచాడు, ఆ తర్వాత ఏ కబురూ లేదు. వేరేవాళ్లతో పని పూర్తి చేయించుకుని గృహప్రవేశం చేసుకున్నాం. పన్నెండు రోజుల కిందట కోర్టు అమీనా వచ్చి ఇల్లు జప్తు అంటూ కాగితం ఇచ్చాడు. మా మీద 6,40,000 రూపాయలకు ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మేం రాలేదని మా మాట వినకుండానే ఇచ్చిన తీర్పు, అయిందట. సమన్లు కడుతున్న ఇంటి అడ్రసుకు పంపి, తలుపుకు అంటించినట్టు రాశారు. అప్పటికి మేం అద్దె ఇంట్లో ఉన్నాం, కొత్త ఇంటికి తలుపులే బిగించలేదు. డిక్రీ కొట్టేయించుకోవచ్చా? ఆయన ఫోన్లో అన్న మాట కోర్టుకు చెప్పాలా, దాచాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: కొట్టేయించుకోవచ్చమ్మా, కానీ ముందు రోజులు లెక్క పెట్టుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేయడానికి గడువు డిక్రీ అయిన రోజు నుంచి 30 రోజులు, సమన్లు సరిగ్గా అందనప్పుడు మాత్రం డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజులు. మీకు అమీనా వచ్చిన రోజే లెక్క, అంటే అప్పుడే పన్నెండు పోయాయి. పత్రిక చేతికొచ్చేదాకా ఆగొద్దని అందుకే మీకు ముందుగానే ఫోన్ చేయించాను. ఒకవేళ గడువు దాటిపోతే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ జత చేయాలి, అప్పుడు ఆలస్యమైన రోజులకు సంజాయిషీ చెప్పుకోవాలి, అదో తలనొప్పి.

ఇంటికి వచ్చేవాళ్లందరికీ మీరు కారుతున్న స్లాబే చూపిస్తూ ఉంటారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ పిటిషన్‌లో జడ్జిగారు ముందు చూసేది స్లాబ్ కాదు, వాయిదాకు మీరెందుకు రాలేదన్నది. మీ బలమంతా ఆ తలుపులోనే ఉంది. సమన్లు అంటించాల్సింది ప్రతివాది మామూలుగా నివాసం ఉండే ఇంటికి, మీరు ఉండేది అద్దె ఇంట్లో. కేసు ఫైల్లో సమన్ల వెనక ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) రాసిన రిపోర్టు ఉంటుంది, ఏ రోజు అంటించాడు, ఇల్లు ఎవరు చూపించారు, సాక్షులెవరు అన్నీ అందులో రాయాలి. వకీలుగారితో చెప్పి దాని సర్టిఫైడ్ కాపీకి వెంటనే అప్లికేషన్ పెట్టించండి. ఆ తేదీ పక్కన మీ తలుపుల బిల్లు పెట్టండి, వడ్రంగికి ఫోన్‌పేలో కట్టిన డబ్బు, అద్దె ఒప్పందం, ఆ నెల అద్దె ఇంటి కరెంటు బిల్లు పెట్టండి. తలుపు బిగించింది సమన్లు అంటించానన్న తేదీకి తర్వాతని తేలితే అంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఆ మేస్త్రీ కూలి డబ్బుల కోసం ఎప్పుడైనా మీ అద్దె ఇంటికి వచ్చి ఉంటే అది కూడా రాయండి. అడ్రసు తెలిసి కూడా ఖాళీ ఇంటి అడ్రసు ఇచ్చాడని కోర్టుకు తెలియాలి.

ఇక ఆ ఫోన్ మాట. దాచొద్దు, దయచేసి దాచొద్దు. సమన్లు అందించడంలో లోపం ఉన్నంత మాత్రాన డిక్రీ పోదు, వాయిదా తేదీ మీకు తెలిసి, రావడానికి తగినంత టైమ్ ఉండీ రాలేదని తేలితే కోర్టు మీ పిటిషన్ కొట్టేస్తుంది. కోపంలో ‘కోర్టులోనే తేల్చుకుంటా’ అంటే వాయిదా తేదీ చెప్పినట్టు కాదు, కాబట్టి ఆ మాట వల్ల మీకు నష్టం లేదు. నష్టమల్లా మీరు దాన్ని దాచి, రేపు అవతలివాళ్లు కాల్ రికార్డింగ్ బయటపెడితేనే. అప్పుడు తలుపు సంగతి కూడా ఎవరూ నమ్మరు.

పిటిషన్ వేసినంత మాత్రాన జప్తు ఆగదు, ఈపీ (డిక్రీని అమలు చేయమని అవతలివాళ్లు వేసిన పిటిషన్) మీద స్టే కోసం విడిగా అడగాలి. కోర్టు కొంత డబ్బు డిపాజిట్ చేయమనవచ్చు, అవతలివాళ్లకు ఖర్చులు ఇవ్వమనవచ్చు, దానికి సిద్ధపడి వెళ్లండి. దావాకు మీ రాతపూర్వక జవాబు కూడా తయారుచేసి జత చేస్తే సాగదీయడానికి రాలేదని అర్థమవుతుంది. మీ వకీలుగారు డిక్రీ మీద నేరుగా అప్పీలుకు వెళ్దామంటే కాస్త ఆలోచించండి, ఆ అప్పీలు కొట్టేస్తే రూల్ 13 దారి మూసుకుపోతుంది. రూల్ 13 పిటిషన్ కొట్టేస్తే మాత్రం దాని మీద అప్పీలు ఉంది.

డిక్రీ పోతే మీరు గెలిచినట్టు కాదు, కేసు మళ్లీ మొదటికి వస్తుంది. స్లాబ్ మాట అప్పుడు. అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే ఇల్లు చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు పంపే వకీలును, వేయించి చూపించండి, అందాకా ఆ చెమ్మ మరకల మీద సున్నం కొట్టించొద్దు.

ప్రశ్న: గుంటూరులో చిన్న కాంట్రాక్టర్‌ను. ఇంటి ఓనరు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే వెళ్లలేకపోయాను, ఏకపక్షంగా ఆర్డర్ వచ్చింది. అక్కడే రద్దు చేయమని అడగవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: అడగలేరండీ. తన ఏకపక్ష ఆర్డర్‌ను తానే రద్దు చేసే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, 2011లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. 2019 చట్టం ప్రకారం ఆర్డర్ తేదీ నుంచి 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవాలి. డబ్బు కట్టమన్న ఆర్డరైతే అందులో సగం ముందు డిపాజిట్ చేస్తేనే అప్పీలు తీసుకుంటారు. కాబట్టి వకీలుగారి దగ్గరికి వెళ్లేటప్పుడే ఆ సగం ఎక్కడి నుంచి తేవాలో చూసుకోండి.